పది గొర్రెలు, ఒక పొట్టేలు: ఇంటి మందను పెంచి పిల్లలను బరువు మీద అమ్మే పద్ధతి

సంతలో బేరగాడు గొర్రెపిల్లను చూసే తీరు ఎక్కడైనా ఒకటే. ముందు నడుము మీద చేయి వేసి వెన్ను తడుముతాడు, తర్వాత రొమ్ము కింద చేయి పెట్టి ఒక్కసారి పైకి లేపుతాడు, "ఎనిమిది కిలోలు పడుద్ది" అంటాడు. ఎనిమిది అన్నది కోస్తే వచ్చే మాంసం లెక్క. పిల్ల అసలు బరువెంతో, అందులో మాంసం ఎంత పడుతుందో అమ్మేవాళ్లకు తెలియకపోతే ఏడాది చాకిరీ మీద వచ్చే మిగులు అక్కడే జారిపోతుంది. ఇక ఆ బరువు తయారయ్యేది అమ్మకానికి ముందు నెలలో కాదు. తల్లి చూడితో ఉన్న చివరి నెలన్నర, పిల్ల పుట్టిన మొదటి మూడు వారాలు, ఈ రెండే చాలావరకు తేల్చేస్తాయి. అందుకే కింద ఆ రెండింటి దగ్గర ఎక్కువసేపు ఆగాం.

ఎన్ని, ఏ జాతి

అరెకరం మేపు భూమి, చుట్టుపక్కల కొంత బీడు, ఇంట్లో రోజుకు మూడు నాలుగు గంటలు తిరిగే మనిషి ఉంటే పది ఆడ గొర్రెలు సరిపోతాయి. ఒక పొట్టేలు 20 నుంచి 25 గొర్రెలకు చాలుతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు పెట్టింది ఆ లెక్కతోనే. పదింటికే ఒక పొట్టేలంటే దాని మేపు ఖర్చు పది పిల్లల మీదే పడుతుంది. అయినా పక్కవాళ్ల పొట్టేలును అడిగి తెచ్చుకోవడం కంటే సొంతది ఉండటమే మంచిది. చూడి ఈసుకుపోయే (నెలలు నిండకముందే పడిపోయే) జబ్బులు మంద నుంచి మందకు చేరేది చాలాసార్లు అరువు పొట్టేలుతోనే.

మాంసం కోసమైతే నెల్లూరు జాతి తీసుకోండి. పొడుగు కాళ్లు, ఒంటి మీద ఉన్ని ఉండదు, నడకకు ఓర్చుకుంటుంది. ఇందులో మూడు రకాలు: తెల్లటి ఒంటి మీద మూతి, కళ్ల చుట్టూ, పొట్ట కింద నల్లమచ్చలుంటే జోడిపి, ఒళ్లంతా తెలుపైతే పల్ల, ఎర్రగోధుమ రంగైతే దొర. గుంటూరు, పల్నాడు, నల్గొండ వైపు మాచెర్ల గొర్రె కూడా బాగానే పెరుగుతుంది. మహబూబ్‌నగర్, మెదక్ వైపు నల్ల గొర్రెలు, అంటే దక్కనీ, ఎండకూ కరువుకూ గట్టివి, గొంగడి నేసే ఉన్ని వాటిదే. కానీ ఏటా బొచ్చు కత్తిరించే ఖర్చు ఉంటుంది, ఉన్నికి రాబడి తక్కువ. మీ ప్రాంతంలో తరాలుగా ఏది నిలిచిందో దాన్నే ఎంచుకోండి. దూరం నుంచి తెచ్చినవి మొదటి వానాకాలంలోనే ఎక్కువగా పోతాయి.

కొనేది సంతలో కాకుండా మంద దగ్గరికి వెళ్లి కొనండి. సంతలో ఒకే పూట పది ఊళ్ల గొర్రెలు ముక్కూ ముక్కూ రాసుకుంటాయి, పారుడు రోగం (పీపీఆర్ అనే అంటువ్యాధి) ఇంటికి వచ్చే దారి అదే. మందలోనైతే తల్లిని, దాని పాత పిల్లను కూడా చూడొచ్చు. నోరు తెరిచి కింది పళ్లు లెక్కపెట్టండి. సుమారు ఏడాది నుంచి ఏడాదిన్నరలో రెండు పెద్ద పళ్లు, రెండేళ్లకు నాలుగు, మూడేళ్లకు ఆరు, నాలుగేళ్లకు ఎనిమిదీ వస్తాయి. రెండు, నాలుగు పళ్లవి కొంటే మీ దగ్గర నాలుగైదు ఈతలు ఈనుతాయి. కింది కనురెప్పను లాగి చూడండి: లోపల గులాబీ ఎరుపు ఉంటే సరే, తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు రక్తం తాగుతున్నట్టు. పొదుగును రెండు చేతులతో పిసికి చూడండి. ఒక పక్క గట్టిగా రాయిలా తగిలితే పాత పొదుగువాపు, ఆ గొర్రె ఒక్క చన్నుతోనే పిల్లను పెంచాలి. తోక కింద పేడ అంటుకుని ఉన్నవి, కుంటుతున్నవి, ముక్కు కారుతున్నవి ధర తక్కువని తీసుకోవద్దు.

తెచ్చినవాటిని మూడు వారాలు వేరే పాకలో, వేరే నీళ్ల తొట్టితో ఉంచండి. ముందు పాత మందకు మేత వేసి, ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి.

పాక

పది గొర్రెలకు, వాటి పిల్లలకు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు పాక చాలు. పెద్ద గొర్రెకు 10 నుంచి 12 చదరపు అడుగులు, పిల్లకు నాలుగైదు. పక్కనే దీనికి రెట్టింపు ఖాళీ దొడ్డి, చుట్టూ అయిదు అడుగుల జాలీ ఉండాలి. ఊళ్లో గొర్రెలకు పులి, తోడేలు కంటే వీధి కుక్కల భయమే ఎక్కువ, అవి జాలీ కింద మట్టి తవ్వి లోపలికొస్తాయి. అందుకే జాలీ అడుగును అర అడుగు మట్టిలోకి పాతి రాళ్లు పేర్చండి.

నేల చుట్టుపక్కల కంటే అడుగున్నర ఎత్తుగా, మొరంతో, ఒక పక్కకు వాలుగా ఉండాలి. చెక్క పట్టీల ఎత్తు పాకలు పెద్ద ఫారాలకు నప్పుతాయి, పది గొర్రెలకు ఆ డబ్బు మేపు మీద పెట్టడమే మేలు. రోజూ ఊడ్చి, పది పదిహేను రోజులకోసారి పొడి సున్నం చల్లండి. తెల్లవారి పాకలోకి వెళ్లగానే మూత్రం ఘాటుకు మీ కళ్లు మండితే, గాలి సరిగ్గా ఆడటం లేదని అర్థం. నేలకు అర అడుగు ఎత్తులో ముక్కు పెట్టుకుని పడుకునే పిల్ల రాత్రంతా ఆ ఘాటే పీల్చింది, తర్వాత దగ్గు, నిమ్ము ఖాయం.

మేపు

30 కిలోల గొర్రెకు రోజుకు కిలో, కిలోంబావు ఎండు పదార్థం కావాలి. మేసి వచ్చే మందకైతే ఇంటి దగ్గర సాయంత్రం ఒకటిన్నర రెండు కిలోల పచ్చిమేత, అరకిలో ఎండుమేత వేస్తే సరిపోతుంది. బయటికి తోలని రోజున పచ్చిమేత మూడు నాలుగు కిలోలకు పెంచాలి. ఎండుమేతలో వేరుశనగ కట్టె అన్నిటికంటే మిన్న, తర్వాత కంది, శనగ పొట్టు. వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ కండ పట్టించదు.

పది గుంటల్లో హెడ్జ్ లూసర్న్ (దశరథ గడ్డి అనే పప్పుజాతి మేత), పది గుంటల్లో సూపర్ నేపియర్ గడ్డి, గట్ల మీద అవిశ, సుబాబుల్ వేయండి. నేపియర్‌ను మోకాలెత్తు దాటాక, కాండం ముదరకముందే కోసి రెండంగుళాల ముక్కలు చేసి వేయాలి, లేకపోతే ఆకులు తిని కాడలు తొక్కేస్తాయి. సుబాబుల్ మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటితే బొచ్చు రాలుతుంది, చూడి నిలవదు.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. 100 కిలోలకు: మరపట్టిన మొక్కజొన్న లేదా జొన్న 40, వేరుశనగ చెక్క 25, తవుడు 20, కంది లేదా శనగ చూరి 12, ఖనిజ మిశ్రమం 2, ఉప్పు 1. చెక్కను కొనేటప్పుడు విరిచి వాసన చూడండి. ముక్కిపోయిన వాసన వచ్చినా, లోపల ఆకుపచ్చ బూజు కనిపించినా చవకగా ఇచ్చినా వద్దు. ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది, చూడివి ఈసుకుపోతాయి. తవుడు ఎక్కువగా పెట్టిన పొట్టేళ్లలో మూత్రంలో రాళ్లు కడతాయి. చుక్కచుక్కగా పోస్తూ, కాళ్లు సాచి మూలుగుతూ నిలబడిన పొట్టేలును వెంటనే డాక్టరుకు చూపాలి, మూత్రసంచి పగిలాక చేసేదేమీ ఉండదు. నీళ్లు ఎప్పుడూ తొట్టిలో ఉండాలి, వేసవిలో ఒక్కో గొర్రె అయిదారు లీటర్లు తాగుతుంది.

మేతకు తోలే చోట మూడు ప్రమాదాలున్నాయి. కోసిన జొన్న చేలో వాన పడ్డాక మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో సైనైడ్ విషం ఉంటుంది, మేసిన అరగంటలో గొర్రెలు రొప్పుతూ పడిపోతాయి. నడుమెత్తు పెరిగి బాగా ముదిరేదాకా అటు తోలొద్దు. రెండోది కోత కోసిన వరి, మొక్కజొన్న చేలలో రాలిన గింజ, పెళ్లిళ్లలో మిగిలిన అన్నం. గింజలు ఒక్కసారిగా కడుపు నిండా తింటే పొట్టలో పులిసిపోయి గొర్రె పళ్లు కొరుకుతూ పడుకుంటుంది. అప్పుడు 15, 20 గ్రాముల వంటసోడా అరలీటరు నీళ్లలో కలిపి నెమ్మదిగా తాగించి డాక్టరును పిలవండి. మూడోది మందు కొట్టిన పత్తి, మిరప చేలు, వాటి గట్లు.

పొట్టేలును ఎప్పుడు కలపాలి

గొర్రె చూడి 147 నుంచి 150 రోజులు. కాగితం మీద రెండేళ్లలో మూడు ఈతలు వస్తాయి, మేపు బాగుంటే నిజంగానూ వస్తాయి. అయినా ఏడాదికొక ఈతనైనా కాలం చూసి పట్టుకోవడం ముఖ్యం. జూన్, జూలైలో పొట్టేలును కలిపితే నవంబర్, డిసెంబర్‌లో ఈనుతాయి. చూడి నెలలన్నీ పచ్చగడ్డి కాలంలో గడుస్తాయి, పిల్లలు వానలు వెళ్లాక పుడతాయి, పాలిచ్చే రోజుల్లో కంది, శనగ, వేరుశనగ కోతలు వస్తాయి. ఆ పిల్లలు ఉగాదికి నాలుగు నెలలవి, ఆషాఢ బోనాల నాటికి ఏడెనిమిది నెలలవి. జనవరి, ఫిబ్రవరిలో కలిపితే పిల్లలు జూన్, జూలైలో పుట్టి సంక్రాంతికి అందుతాయి గానీ, తడి పాకలో, ఈగల్లో, దోమల్లో పుట్టిన పిల్లల్లో చావులు ఎక్కువ. పాక పొడిగా ఉంచగలిగిన వాళ్లే ఆ ఈతకు వెళ్లాలి.

కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకు రోజూ 200 గ్రాముల దాణా పెట్టండి. ఒళ్లు పుంజుకుంటున్న గొర్రెలు దాదాపు ఒకేసారి ఎదకొస్తాయి, జంట పిల్లలు పడే వీలూ పెరుగుతుంది. ఆడ గొర్రెపిల్ల 25 కిలోలకు వచ్చేదాకా పొట్టేలుతో దాటించవద్దు.

ఏ గొర్రె ఎప్పుడు దాటిందో తెలియడానికి చవకైన ఉపాయం ఒకటుంది. గోడలకు పూసే జాజును మంచినూనెలో మెత్తగా కలిపి పొట్టేలు రొమ్ము మీద, ముందు కాళ్ల మధ్య, రెండు మూడు రోజులకోసారి పూయండి. దాటిన గొర్రె నడుము మీద ఎర్రమచ్చ పడుతుంది. ఆ తేదీని గొర్రె నంబరుతో గోడ క్యాలెండర్ మీద రాయండి. 17 రోజుల తర్వాత జాజు మాని పసుపో, నీలమో పూయండి. ఎదచక్రం 17 రోజులు కాబట్టి, ఎర్రమచ్చ ఉన్న గొర్రె మీద కొత్త రంగు పడితే మొదటిసారి కట్టలేదన్నమాట. సగానికి పైగా గొర్రెల మీద రెండో రంగు పడితే తప్పు పొట్టేలుదే. ఎండ దెబ్బకు, జ్వరానికి దాని సత్తువ నెలన్నర పాటు పోతుంది. జూలై 1న మచ్చ పడ్డ గొర్రె నవంబర్ 27 అటూఇటూగా ఈనుతుంది. ఆరు వారాల తర్వాత పొట్టేలును విడదీస్తే ఈతలన్నీ ఆ ఆరు వారాల్లోనే ముగుస్తాయి, పిల్లలన్నీ ఒకే ఈడువి ఉంటాయి. ఒకే ఈడు జతలకు సంతలో ధర బాగా పలుకుతుంది.

చివరి నెలన్నర

కడుపులో పిల్ల బరువులో మూడింట రెండు వంతులకు పైగా ఈ ఆరు వారాల్లోనే పెరుగుతుంది. పొదుగు కూడా ఇప్పుడే తయారవుతుంది. రోజూ 200 నుంచి 250 గ్రాముల దాణా, వీలైనంత హెడ్జ్ లూసర్న్ పెట్టండి. ఈ ఆరు వారాలకు ఒక్కో గొర్రెకు పది కిలోల అటూఇటూగా దాణా ఖర్చవుతుంది. ఆ పది కిలోలు మిగిల్చుకుంటే పిల్ల మూడు కిలోలకు బదులు రెండు కిలోలతో పుడుతుంది, లేచి నిలబడదు, నిలబడినా తల్లి చన్నులో పాలుండవు. పుట్టిన రెండు మూడు రోజుల్లో చనిపోయే పిల్లల్లో ఎక్కువ ఇలాంటివే. జబ్బని అనుకుని మందులు కొంటారు, నిజానికి అది ఆకలి.

సరిపడా తింటుందో లేదో చేత్తో తెలుసుకోవచ్చు. చివరి పక్కటెముక దాటాక నడుము మీద వేళ్లు ఆనించండి. వెన్నుపూసలు రంపపు పళ్లలా గుచ్చుకుంటే చిక్కిపోయింది, దాణా పెంచాలి. నొక్కితే గానీ తగలకపోతే సరిగ్గా ఉంది. పైకి బొచ్చు, పొట్ట చూసి మోసపోవద్దు, చూడి పొట్ట వల్ల బక్క గొర్రె కూడా నిండుగా కనిపిస్తుంది.

ఈనడానికి మూడు నాలుగు వారాల ముందు, ఉన్నట్టుండి చంపే చిటుక రోగానికి టీకా వేయిస్తే ఆ రక్షణ జున్నుపాల ద్వారా పిల్లకు చేరుతుంది. ఈ రోజుల్లో దూరం తోలడం, ఇరుకు దారిలో ఒక్కసారిగా తరమడం, బెదిరించే కుక్కను వెంట తీసుకెళ్లడం మానండి.

ఈత

పొదుగు బిగిసి, తోక పక్కల గుంటలు పడి, గొర్రె మందకు దూరంగా నిలబడి ముందు కాలితో నేల గీరుతుంటే ఆ రోజే ఈనుతుంది. నీటి తిత్తి కనిపించాక గంటలోపు పిల్ల బయటికి రావాలి. ముందు రెండు గిట్టలు, వాటి మీద ముక్కు, ఇది సరైన రాక. గంటసేపు ముక్కినా ఏమీ కనిపించకపోయినా, ఒక్క కాలో, తోకో మాత్రమే కనిపించినా డాక్టరును పిలవండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్యానికి 1962 నంబరు ఉంది. మాయ ఆరేడు గంటల్లో దానంతట అదే పడుతుంది. దాన్ని పట్టి లాగితే గర్భసంచి చినిగి రక్తం పోతుంది.

పిల్ల పడగానే చేయాల్సినవి వరుసగా ఇవి. ముక్కు, నోటిలోని జిగురు వేలితో తీయండి. ఊపిరి తీయకపోతే గడ్డి పోచతో ముక్కులో గిలిగింత పెట్టండి, గోనెపట్టాతో పక్కటెముకల మీద గట్టిగా రుద్దండి. ఆపై తల్లి ముందు పెట్టి నాకనివ్వండి. మీరే పూర్తిగా తుడిచేస్తే తల్లి వాసన పట్టదు, దగ్గరికి రానివ్వదు. బొడ్డు పొట్టకు రెండంగుళాల దూరంలో శుభ్రమైన దారంతో కట్టి, కింద కొత్త బ్లేడుతో కోసి, కొనను టింక్చర్ అయోడిన్‌లో ముంచండి. దూదితో అద్దడం కంటే చిన్న మూతలో అయోడిన్ పోసి బొడ్డును అందులో ముంచడం మేలు, మందు లోపలిదాకా పడుతుంది. ఇది మానేసిన ఇళ్లలోనే రెండు మూడు వారాల తర్వాత పిల్లలకు మోకాళ్లు వాచి కుంటుతాయి.

తర్వాత ఒక్కో చన్నును పిండి మూసుకున్న మైనం లాంటి ముద్దను బయటికి తీయండి, ఆ ముద్దను లాగలేక ఎన్నో బలహీనపు పిల్లలు ఆకలితో ఉండిపోతాయి. పుట్టిన గంటలోపే పిల్ల జున్నుపాలు తాగాలి. 24 గంటల్లో దాని బరువులో పదో వంతు, అంటే మూడు కిలోల పిల్లకు 300 మిల్లీలీటర్లు కనీసం పడాలి. జబ్బులను ఆపే శక్తి పిల్లకు పుట్టుకతో రక్తంలో ఉండదు, జున్నుపాల నుంచే వస్తుంది, ఒక రోజు గడిచాక పేగు దాన్ని లోపలికి తీసుకోదు. తాగిందో లేదో తెలియాలంటే పొట్ట పట్టి చూడండి, నోట్లో వేలు పెట్టండి. పొట్ట నిండుగా, నోరు వెచ్చగా ఉంటే సరే. నోరు చల్లగా తగిలితే ముందు ఒంటిని వేడి చేసి, తర్వాత పిండిన పాలు సీసాతో పట్టాలి. చల్లబడి తల వాల్చేసిన పిల్లకు అలాగే పాలు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తల్లిని, పిల్లను రెండు మూడు రోజులు విడిగా నాలుగడుగుల గదిలో ఉంచండి. తల్లి లేని పిల్లకు మేకపాలు గానీ, ఆవుపాలు గానీ గోరువెచ్చగా, రోజుకు నాలుగైదు సార్లు పట్టాలి.

మొదటి మూడు నెలలు

పిల్లలను గంప కింద మూసి తల్లులను మేతకు తోలడం మన దగ్గర పాత అలవాటు. గంప మంచిదే, కుక్కల నుంచీ కాకుల నుంచీ కాపాడుతుంది. ఇబ్బందల్లా ఒకే చోట రోజూ మూయడం, నాలుగు పిల్లలు పట్టే గంప కింద ఏడెనిమిదిని కుక్కడం. నేల మూత్రంతో తడిసి పిల్లలకు పారుడు, నిమ్ము పట్టేది ఇక్కడే. రోజూ చోటు మార్చండి, కింద పొడి వరిగడ్డో, పొట్టో పరవండి.

పదిహేనో రోజు నుంచి లేత లూసర్న్ కట్టలు పిల్లల ఎత్తుకు వేలాడదీయండి. పిల్లలు మాత్రమే దూరేలా ఏడెనిమిది అంగుళాల సందులున్న తడిక కట్టి, లోపల తొట్టిలో దాణా పెట్టండి. మొదట నాకుతాయి, నెలకు 50 గ్రాములు, మూడో నెలకు 100 నుంచి 150 గ్రాములు తింటాయి. మట్టి నాకుతుంటే ఖనిజ లవణ ఇటుక కట్టండి. ఒకటి నుంచి నాలుగు నెలల పిల్లలు రక్తం కలిసిన విరేచనం చేస్తే అది నట్టలది కాకపోవచ్చు, కాక్సిడియా (పేగులో చేరే సూక్ష్మజీవి) జబ్బు కావచ్చు. పేడ పరీక్ష చేయించే మందు వాడాలి, నట్టల మందుతో అది తగ్గదు. మూడు నెలలకు 12 నుంచి 14 కిలోలు వస్తే పాలు మాన్పించండి.

నట్టల మందు, టీకాలు

వానలకు ముందు జూన్‌లో, వానలు తగ్గాక అక్టోబర్‌లో, చలికాలం చివర జనవరి, ఫిబ్రవరిలో నట్టల మందు పట్టాలి. పిల్లలకు నెల దాటాక మొదటిసారి. మందు ఒంటి బరువు లెక్కన వేయాలి. అందరూ చేసే తప్పు కంటితో చూసి తక్కువ పోయడం, దాంతో బతికిన నట్టలు ఆ మందుకు అలవాటు పడతాయి. ఆల్బెండజోల్‌ను చూడి మొదటి నెలన్నరలో వాడొద్దు, పిల్ల అవకరంగా పుడుతుంది. అప్పటికి ఫెన్‌బెండజోల్ నయం. చెరువు కట్టల కింద, వరి మళ్ల గట్ల మీద మేసే మందకు కార్జపు జలగ మందు వేరుగా కావాలి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే ఆలస్యమైనట్టే. మందు పట్టేటప్పుడు గొర్రె తలను నేలకు సమంగానే ఉంచండి. మూతి ఆకాశానికి ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి జారి మరుసటి రోజుకు నిమ్ముతో పోతుంది.

టీకాలలో మొదటిది చిటుక రోగానిది. తొలకరి లేత గడ్డి మేసిన వారంలో, మందలో అన్నిటికంటే బలిసిన పిల్ల రాత్రి బాగుండి తెల్లారేసరికి చచ్చి పడి ఉంటే అది చిటుక రోగం. మందు వేసే వ్యవధి ఇవ్వదు. మే నెలలో టీకా వేయించాలి, మొదటిసారైతే రెండు మూడు వారాలకు మళ్లీ. పారుడు రోగానికి మూడు, నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒక మిల్లీలీటరు చర్మం కింద వేస్తే మూడేళ్లు కాస్తుంది. బొబ్బ రోగం, గాలికుంటు, గొంతువాపు టీకాలు పశువుల ఆసుపత్రిలో చెప్పే నెలల్లో వేయించండి. నీలినాలుక వ్యాధి మన దగ్గర అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఎక్కువ, చిన్న దోమలు మోస్తాయి. మూతి, పెదాలు వాచి, నురుగు కారుతూ, గిట్టల పైన ఎర్రగీత పడి గొర్రె అడుగు వేయదు. టీకా జూలై, ఆగస్టుల్లో, మొదటిసారైతే మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. జబ్బు పడ్డదాన్ని నీడన కట్టి నోరు కడిగి రాగిజావ పట్టాలి, చాలావరకు అవి నోటి పుండ్లతో తినలేకనే పోతాయి.

టీకాకు పదిహేను రోజుల ముందు నట్టల మందు పట్టి ఉండాలి, టీకాకూ టీకాకూ రెండు వారాలు ఎడం పెట్టాలి. సీసా ఐసులో ఉండాలి. కలిపిన పారుడు టీకాను రెండు గంటల్లో వాడేయాలి, జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాక వేసిన టీకా నీళ్లతో సమానం.

అమ్మకానికి కండ పట్టించడం

మూడు నెలల పిల్లను అప్పుడే అమ్మేస్తే పెంచిన లాభం కొన్నవాడికి పోతుంది. ఇంకో మూడు నెలలు ఆపండి. దాణాను అప్పటికి తింటున్న 100, 150 గ్రాముల దగ్గర మొదలుపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి 50 పెంచుతూ 300 గ్రాములకు తీసుకెళ్లండి. ఒక్కసారిగా పెంచితే పొట్ట పులిసి వారం పాటు మేత ముట్టదు. మేసి వచ్చి దీన్నీ తినే పొట్టేలు పిల్ల రోజుకు 100 గ్రాముల దాకా పెరుగుతుంది, ఆరు నెలలకు 21 నుంచి 23 కిలోలు. వట్టి మేత మీదైతే అందులో సగం పెరుగుదల కూడా కష్టం. లెక్క కట్టి చూడండి: 90 రోజులకు దాణా 25 కిలోలు, కిలో 30 రూపాయలనుకుంటే 750. అదనంగా వచ్చే బరువు నాలుగున్నర కిలోలు, బతికిన పిల్ల కిలో 400 అనుకుంటే 1,800. మీ ఊరి ధరలు పెట్టి ఇదే లెక్క వేసుకోండి, దాణా ధర పెరిగి ఈ తేడా చాలా తగ్గిపోతే ఆపకుండా అమ్మేయండి.

అయిదో నెల రాగానే పొట్టేలు పిల్లలను ఆడపిల్లల నుంచి వేరు చేయండి. పొట్టేలు పిల్లలకు విత్తులు (వృషణాలు) కొట్టించకండి, పండుగ కొనుగోలుదారులు కొట్టినదాన్ని తక్కువ చేస్తారు. బక్రీదుకు అమ్మాలనుకునేవి చెవి కోయకుండా, కొమ్ము విరగకుండా, కుంటు లేకుండా ఉండాలి. కొనేవాళ్లు రెండు పళ్లు అడుగుతారు కాబట్టి అవి ఏడాది దాటినవై ఉండాలి. ఆ పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, పొట్టేలును కలిపే నాడే తేదీ చూసుకోండి.

తూకం, బేరం

వేలాడే తూకం యంత్రం, గోనెసంచితో కుట్టిన జోలె ఉంటే చాలు. అదీ లేకపోతే టేపుతో కొలవండి. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించండి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు ఎముక దాకా పొడవుతో మళ్లీ గుణించి 660తో భాగించండి. చుట్టుకొలత 24, పొడవు 22 అయితే 24×24×22 = 12,672, దాన్ని 660తో భాగిస్తే 19 కిలోల పైచిలుకు. పిల్ల నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడాలి, టేపు బిగించకూడదు. ఒక అంగుళం తేడా కిలోన్నర తేడా తెస్తుంది.

బతికిన బరువులో మాంసం 45 నుంచి 48 శాతం పడుతుంది. 22 కిలోల పిల్లకు పది కిలోలు. తల, కాళ్లు, బోటి, తోలు దీనికి అదనం, అవి కోసేవాడికే మిగులుతాయి. బేరగాడు "ఎనిమిది" అన్నప్పుడు రెండు కిలోల మాంసం ధర మీ జేబులోంచి పోతోంది. మటన్ కిలో 800 ఉన్న రోజున పిల్లకు 1,600. తూకం ఉదయం మేత పెట్టకముందు వేద్దామని ముందే మాట అనుకోండి. కడుపు నిండా తిన్న పిల్ల కిలోన్నర ఎక్కువ తూగుతుందని వాళ్లకూ తెలుసు, అందుకే సాయంత్రం తూకంలో కోత అడుగుతారు, ఆ కోత ఎప్పుడూ ఎక్కువే అడుగుతారు.

జత లెక్కన అడిగితే మంచి పిల్ల పక్కన బక్క పిల్లను కలిపి ధర కట్టించుకోండి. ఏరుకోనిస్తే పెద్దవి పోయి చిన్నవి మీ దొడ్లోనే మిగులుతాయి, ఏరుకుంటానంటే ఏరిన వాటికి వేరే ధర చెప్పండి. సంతకు తోలితే దారిలో నీరసించి బరువు తగ్గుతాయి, పైగా అమ్ముడుపోనివి జబ్బు అంటించుకుని తిరిగి వస్తాయి. హైదరాబాద్ జియాగూడ మండీ, పెబ్బేరు సంత లాంటి పెద్ద చోట్ల ఆ వారం ధర ఫోనులో కనుక్కుని, అమ్మకం మాత్రం ఇంటి దగ్గర చేస్తే పది గొర్రెలవాళ్లకు గిట్టుబాటు. శ్రావణం, కార్తీకంలో ధర మందగిస్తుంది, బోనాలు, దసరా, సంక్రాంతి కనుమ ముందు పది రోజుల్లో లేస్తుంది. పెద్దగట్టు, కొమురవెల్లి లాంటి జాతరలు దగ్గరుంటే ఆ వారమే మీ సంత. నట్టల మందు గానీ, యాంటీబయాటిక్ గానీ వేసిన పిల్లను, సీసా మీద రాసిన రోజులు గడిచేదాకా కోతకు అమ్మొద్దు, తినేది పసిపిల్లలూ కావచ్చు.

ఏడాదికొక ఈతతో పది గొర్రెల మంద నుంచి తొమ్మిది ఈనితే ఎనిమిది పిల్లలు అమ్మే వయసుకు వస్తాయని లెక్కేసుకోండి. నాలుగు పొట్టేళ్లు, నాలుగు ఆడవి అనుకుంటే, ఆడవాటిలో పాలెక్కువ ఇచ్చే తల్లుల పిల్లలను రెండింటిని మందకే ఉంచండి. డబ్బు అవసరమై బలమైన ఆడపిల్లలను ముందు అమ్మేసే ఇంట్లో మూడేళ్లకు మంద చిక్కిపోతుంది. వాటి బదులు పళ్లు అరిగినవి, ఒక చన్ను ఎండినవి, రెండు కాలాలు వరసగా కట్టనివి రెండింటిని అమ్మండి. రెండేళ్లు కాగానే పొట్టేలును కూడా అమ్మి వేరే ఊరి మంద నుంచి కొత్తది తెచ్చుకోవాలి, లేకపోతే అది తన కూతుళ్లనే దాటుతుంది, పిల్లలు ఈతఈతకూ చిన్నవిగా పుడతాయి. పాత పొట్టేలు 40 కిలోలకు పైన తూగితే దసరాకు ముందు అమ్మండి, కొత్తది జూన్ నాటికి మూడు వారాల ఎడబాటు ముగించుకుని మందలో ఉండేలా ఏప్రిల్, మేలోనే చూసి పెట్టుకోండి.